తినకపోతే నిండదనుకున్నాను

ధర్మవరం

ప్రియమైన జయంతక్కకు,

ఫోన్లో అడిగినప్పుడల్లా బాగున్నానని చెబుతున్నాను. ఇంట్లో అందరూ వింటుంటే అంతకంటే ఏం చెప్పను? అందుకే రాస్తున్నాను. చదివి ఎవరితోనూ అనవద్దు.

బెంగుళూరులో నాకు క్యాన్సర్ గడ్డతో పాటు పేగు చివరి భాగమంతా తీసేశారని నీకు తెలుసు. కింది దారి మూసేసి, పొట్ట మీద దారి పెట్టారు. అక్కడ ఒక సంచి అంటించి ఉంటుంది. దొడ్డికి అందులోకే వస్తుంది, నాకు తెలియకుండానే. ఇక జీవితాంతం ఇంతేనట. ఈ మాట నీకు చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చాక ఒకరోజు, ఊరికే ఉండలేక మగ్గం పక్కన కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతున్నాను. చీర చూడటానికి తల్లీకూతుళ్లు వచ్చారు. అప్పుడే సంచి ఊడింది. ఆ తల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోయింది. మీ మరిది మగ్గం ఆపి లేచాడు. నీళ్లు కాచి తెచ్చి నన్ను తుడిచాడు. ఆయన తుడుస్తుంటే నేను గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

తినకపోతే నిండదు కదా అని ఆరోజే అనుకున్నాను. అప్పటినుంచి గదిలో ఒక్కదాన్నే తింటానని చెప్పి, రెండు పిడచలు మింగి, మిగిలిన సంగటి పక్కింటి బర్రె కుడితిలో వేస్తున్నాను. ఆకలికి కళ్లు తిరుగుతాయి. అయినా సంచి ఖాళీగా ఉంటే చాలనిపిస్తుంది.

నీ చెల్లెలు
త్రివేణి

గుంతకల్లు

త్రివేణీ, నా తల్లీ,

నీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకూ ముద్ద దిగడం లేదు. నీకు తెలియని సంగతి ఒకటుంది. మరిది గిరి నాకు ఫోన్ చేశాడు. "వదినా, త్రివేణి చిక్కిపోతాండాది. ఆ రోగం మళ్లా తిరగబెట్టిందేమో. అడగాలంటే భయమైతాండాది" అని ఏడ్చాడు. మగ్గం ముందు కూర్చుంటే పోగులు కనబడటం లేదట.

నీ సిగ్గు నాకు అర్థమైంది. కానీ నీ సిగ్గు దాచుకోవడానికి ఆ మనిషిని నీ చావు తలచుకుంటూ కూర్చోనిస్తావా? ఎవరితోనూ అనవద్దన్నావు, అనను. నువ్వే చెప్పు.

మీ అక్క
జయంతి

ధర్మవరం

అక్కా,

చెప్పాను. మగ్గం గుంతలోంచి లేవకుండానే విన్నాడు. "అయితే ఆ రోగం మళ్లా రాలేదు కదా?" అన్నాడు.

"రాలేదు. ఆకలి బాగానే ఐతాండాది."

అప్పుడొచ్చింది ఆయనకు కోపం. "నేను పొయ్యి కాడ కెలికిన సంగటి బర్రెకు ఏసినావా?"

"సంచి నిండుతాదని..."

"నిండితే ఒంపుదాం. దానికేముండాది?"

ఆ పూట రెండు తట్టల్లో సంగటి పెట్టుకుని నా గదిలోకే తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన ముందు తినడం అదే మొదలు. సగం తిన్నానో లేదో, సంచిలోకి గాలి వచ్చి గట్టిగా చప్పుడైంది. నేను తట్టలోకి తల వంచేశాను. ఆయన విననట్టు నటించలేదు.

"ఇంకా చాల్లేదంటాండాది" అని ఊరిబిండి పచ్చడి గిన్నె నా వైపు జరిపాడు.

నవ్వు రాలేదక్కా, ఏడుపొచ్చింది. సిగ్గు కూడా అలాగే ఉంది. కళ్లు తుడుచుకోకుండానే, ఇంకొక ముద్ద పెట్టమన్నాను.

నీ
త్రివేణి