అమ్మ తెలుగు

మంగళవారం, రాత్రి

ఈ ఆశ్రమంలో నలభైమంది పిల్లలూ వార్డెనైన మా అమ్మని ‘మమ్మీ’ అనే పిలుస్తారు. పొద్దున జడ వేయించుకోవాలన్నా వాళ్లందరి వెనకే నా వంతు. పోనీలే అనుకున్నాను. రాయపూర్‌లో తెలుగువాళ్లు బోలెడుమంది, కానీ ఈ గేటు లోపల తెలుగు మాట్లాడేది అమ్మా నేనే. ఆ తెలుగు నా ఒక్కదానిదే.

ఇవాళ లావణ్య అని ఆరేళ్ల తెలుగు పిల్ల కొత్తగా చేరింది. అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, “ఏడవకు నా బంగారుకొండా” అంది.

ఆ మాట నాది!

సాయంత్రం అది నా దగ్గరికొచ్చి, “అక్కా, దాహమేస్తోంది, నీళ్లెక్కడ?” అంది. తెలుగు రానిదానిలా హిందీలో, “క్యా బోల్ రహీ హై?” అన్నాను. కాసేపు నా మొహం చూసి, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయింది.

రేపు జడల వరసలో అమ్మ నన్ను తెలుగులోనే పిలుస్తుంది. నేను పలుకుతాను. అది వెనక్కి తిరిగి చూస్తుంది.