గడ్డివాము ఆపిన కారు

1979, మాఘమాసం, ఆదివారం రాత్రి. జగ్గయ్యపేట.

నేను చెబుతున్నాను, మనవరాలు సుజాత రాస్తోంది. నా మాట మార్చకుండా రాయమన్నాను.

మా ఆయన పోయినప్పటి నుంచి పదిహేనేళ్లుగా కొట్టంలో పడి ఉన్న రెండు సీట్ల ఎర్ర కారును ఇవాళ బయటికి తీశారు. రేపు పొద్దున్నే నా కొడుకు దాన్ని నందిగామ దాకా నడుపుతాడట. ఇంజను పలికింది, సంతోషమే. బ్రేకుల సంగతి అడిగితే మెకానిక్ సాంబయ్య తల గోక్కుని, "తొక్కగా తొక్కగా పడతాయమ్మా" అన్నాడు.

"అయితే ముందు నన్నెక్కించుకుని దొడ్లో తొక్కరా" అన్నాను కొడుకుతో.

"నీకెందుకే అమ్మా, నడుం పట్టేస్తుంది."

"మీ నాన్న పక్కన కూర్చున్నప్పుడు పట్టిందా? తలుపు తియ్యి."

వాడు గడ్డివాముకు ఎదురుగా పోనిచ్చి బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మూతి వాములో దూరాక ఆగింది. నా తల నిండా గడ్డి.

"ఆగిందిగా అమ్మా" అన్నాడు సాంబయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు.

తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను. అది లేకపోయినా రెండు తీగలు కలిపితే ఇంజను పలుకుతుందని సాంబయ్య వాడికి చెప్పడం నా చెవిన పడింది. వాడిది తండ్రి మొండితనమే. నందిగామ పోవాలంటే హైదరాబాద్ రోడ్డే, దాని మీద ఎదురుగా లారీలు వస్తాయి. అక్కడ గడ్డివాము ఉండదు.