బ్రేకులు అక్కర్లేని కారు

మల్కాపురం, విశాఖపట్నం
4 డిసెంబరు 1982, శనివారం

పూజ్యులైన బావగారు గవర్రాజుగారికి మీ బావమరిది శ్రీరామ్మూర్తి నమస్కరించి వ్రాయునది.

తెల్లవారినప్పటి నుంచి ముసురు. నీళ్ళ డ్రమ్ము అడుగు కారుతోంటే తారు కాచి పూశాను. ఆరేలా లేదు. ఇక్కడ అసిరమ్మా నేనూ క్షేమం. మీ కంటి ఆపరేషను బాగా జరిగిందనీ, కట్టు విప్పేదాకా పోస్టుమాస్టరు చలమయ్యగారే మీకు వచ్చిన ఉత్తరాలు చదివి, మీరు చెప్పింది వ్రాసిపెడతారనీ తెలిసింది. చలమయ్యగారికి నమస్కారాలు.

లారీ కన్నబాబు మీకు చెప్పిన కారు చూసి వచ్చాను. వాల్తేరు అప్‌లాండ్స్‌లో ఒక షిప్పింగ్ కంపెనీ మేనేజరుగారిది. ఆయన బొంబాయి వెళ్ళిపోతున్నారు. ఎర్ర రంగు. ఎత్తు నా మొల దాకా ఉంది. పందేలలో పరిగెత్తే రకమట. కంపెనీ పేరు ముందువైపు ఇంగ్లీషులో ఉంది గాని సగం అక్షరాలు ఊడిపోయాయి. పోర్టు గోడౌనులో సామాను లెక్క వ్రాయడం తప్ప కార్ల సంగతి నాకేం తెలుసు. అందుకని మా వర్కుషాపు మెకానిక్ ఎల్లారావుని, వెళ్ళేముందు ఏమేం చూడాలని అడిగాను.

"బావా, ముందు బోనెట్ మీద సెయ్యెయ్యి. వేడిగుందంటే నువ్వెళ్ళేతలికే స్టార్ట్ సేసీసి ఉంచినారన్నమాట. సల్లటి ఇంజను ఒక్క తిప్పుకి లేత్తేనే ఆరోగ్యం. పొగ నీలంగొత్తే ఆయిలు తాగతంది. ఆయిలు పుల్ల తీసి సూడు. టీ నురగలాగుంటే లోపల నీళ్ళు కలిసిపోతన్నాయి. మరి మాటాడకుండా ఇంటికొచ్చీ" అన్నాడు.

బోనెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. అంతసేపూ దాని మీద పిల్లి పడుకుందని వాచ్‌మన్ చెప్పాడు. నమ్మాలో మానాలో తెలియలేదు. పొగ నీలమో తెలుపో ముసురులో తేలలేదు. గుద్దుకున్న చోట పుట్టీ పెట్టి రంగు వేస్తే అక్కడ అయస్కాంతం అంటుకోదని ఎల్లారావు ఒక ముక్క ఇచ్చాడు. తలుపులకి పెట్టాను, చక్రాల మీది రెక్కలకి పెట్టాను, డిక్కీకి పెట్టాను. ఎక్కడా అంటుకోలేదు. అంటే, బావగారూ, కారు మొత్తం పుట్టీయే.

మా నాన్న అక్కకి పసుపుకుంకుమ కింద ఇచ్చిన చెరుకు మడి అమ్మి మీరు దీన్ని కొంటారని కన్నబాబు అన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ బేరం వద్దని నా మనవి.

ఇట్లు,
మీ విధేయుడు,
శ్రీరామ్మూర్తి

తా.క. సీట్లు రెండే ఉన్నాయి. మీ ఇంట్లో ఏడుగురు.


జగ్గన్నపేట, చోడవరం తాలూకా
9 డిసెంబరు 1982

చిరంజీవి శ్రీరామ్మూర్తిని నీ బావ గవర్రాజు ఆశీర్వదించి వ్రాయించునది.

నీ ఉత్తరం అందింది. పుట్టీ అయితే పుట్టీ. పై డొప్పతో నాకు పని లేదు. పిల్లి గొడవ అసలే వద్దు. నువ్వు చూడవలసినవి చూడకుండా చూడనక్కర్లేనివన్నీ చూసి వచ్చావు.

నాకు కావలసింది ఇది. ఆ బండిని ఒకచోట నిలబెట్టి, పొద్దు గుంకినప్పటి నుంచి కోడి కూసేదాకా ఆపకుండా నడిపితే ఇంజను తట్టుకుంటుందా. పెట్రోలుతో లేపి, తర్వాత కిరసనాయిలు పోస్తే తాగుతుందా. బండి కదలకుండా వెనక చక్రం ఒక్కటే పైకి లేపి తిప్పవచ్చా. ఈ మూడూ అడిగి రా. హారను, లైట్లు, బ్రేకులు చూడనక్కర్లేదు.

ఎందుకని అడగకు. ఈ ఉత్తరంలో చెప్పగలిగేదే అయితే చెప్పనా.

నీ శ్రేయోభిలాషి,
గవర్రాజు

తా.క. ఇది చలమయ్య సొంతంగా వ్రాయునది. గవర్రాజుగారు చెప్పినది చెప్పినట్టు వ్రాశాను. బ్రేకుల దగ్గర నేనే తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. తప్పు కాదట. మీ ఉత్తరం అరుగు మీద కూర్చుని చదివాను, ఊళ్ళో వాళ్ళు కొందరు ఉన్నారు. సీట్లు రెండే అన్నచోట, రెండో సీటు ఎవరిదని అందరూ అడిగారు. మీ అక్కగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.


మల్కాపురం
14 డిసెంబరు 1982, మంగళవారం

పూజ్యులైన బావగారికి శ్రీరామ్మూర్తి నమస్కరించి వ్రాయునది.

ముసురు విడిచింది. సముద్రపు గాలి చలిగా ఉంది. గొడుగు కమ్మి విరిగితే తీగ చుట్టాను.

ఆదివారం ఎల్లారావుని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. అయస్కాంతం సంగతి చెబితే రోడ్డు మీద కూర్చుండిపోయి నవ్వాడు. "అది ఇనప రేకు కాదు బావా, ఫైబరు. ఉప్పుగాలికి ఆ పైదానికేటీ అవదు. తుప్పట్టేది అడుగున ఫ్రేము. సూసీవోడికి అది కనబడదు. నాను కిందకి దూరి గీకతాను, నువ్విక్కడే ఉండు" అని దూరాడు. చాలాసేపు స్క్రూడ్రైవరుతో గీకిన చప్పుడు వినిపించింది. పైకి వచ్చి ఫ్రేము పర్వాలేదన్నాడు. ఛాసిస్ నంబరు ఆర్.సి. పుస్తకంతో సరిపోయింది. తలుపుల సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి కాబట్టి పెద్ద దెబ్బ ఏదీ తగల్లేదట.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తోలాడు. కూర్చోవడం అన్నాను గాని, అందులో పడుకున్నట్టే ఉంటుంది. పక్కన ఆర్టీసీ బస్సు వస్తే దాని చక్రం నా తల మీదుగా పోయింది. "ఇప్పుడు బ్రేకు సూద్దాం" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎడమ పక్క మురుగు కాలువ అంచున ఉన్నాం. బ్రేకు ఎడమకు లాగుతోంది. రెండో గేరు సరిగ్గా పడదు.

మీరు అడగమన్న మూడూ మేనేజరుగారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భార్యను పిలిచి, ఆవిడ ముందు మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. కిరసనాయిలు మాట దగ్గర ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "మీ బావగారికి డ్రైవింగ్ వచ్చా?" అని ఆయన అడిగారు. రాదన్నాను. టీ తెప్పించారు.

బావగారూ, మీ ఊరి దారిలో గెడ్డ ఉంది. దాని మీది వంతెనకి గోడలు లేవు. బ్రేకులు చూడనక్కర్లేదని మీరన్నప్పటి నుంచి నాకు కళ్ళ ముందు ఆ వంతెనే కనిపిస్తోంది. మడి పోతే పోయింది, అక్కకి మీరైనా మిగలాలి గదా. ఆలోచించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
శ్రీరామ్మూర్తి

తా.క. చలమయ్యగారూ, ఈ ముక్క అరుగు మీద చదవకండి. బావగారికి ఆపరేషను కంటికేనా, ఇంకెక్కడైనా జరిగిందా?


జగ్గన్నపేట
18 డిసెంబరు 1982

శ్రీరామ్మూర్తికి గవర్రాజు వ్రాయించునది.

కంటికే జరిగింది. చలమయ్య ఆ ముక్క అరుగు మీద చదవలేదు. ఇంటికెళ్ళి వాళ్ళావిడకి చదివాడు. ఆవిడ నూతి దగ్గర మీ అక్కకి చెప్పింది. మీ అక్క నాకు చెప్పింది, రెండు రోజులుగా ఆవిడ నాతో ఆడిన మాట అదొక్కటే.

ఇంజను బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పు. బాగుంటే కొని, మిగతావన్నీ విప్పించి అక్కడే అమ్మెయ్యి. సీట్లు, అద్దాలు, తలుపులు, చక్రాలు మూడు. స్టీరింగు కూడా నాకు అక్కర్లేదు.

మడికి బేరం కుదిరింది. వచ్చే శుక్రవారం చోడవరంలో రిజిస్ట్రేషను. మీ అక్క వేలిముద్ర వెయ్యనంటోంది. తమ్ముడి మాట వింటుంది. నువ్వు ఒక మంచి మాట వ్రాయి. ఇందులో నా పంట ఉంది. ఇంతకంటే చెప్పలేను.

గవర్రాజు

తా.క. చలమయ్య వ్రాయునది. సీట్లు వద్దనడంతో రెండో సీటు మీద ఊళ్ళో ఉన్న అనుమానం తీరిపోయింది. ఇప్పుడు మొదటి సీటు మీద మొదలైంది. స్టీరింగు లేకుండా వెళ్ళే ఊరు ఏ దిక్కున ఉందో మీకేమైనా తెలిస్తే తెలియజేయగలరు.


మల్కాపురం
21 డిసెంబరు 1982, మంగళవారం

పూజ్యులైన బావగారికి శ్రీరామ్మూర్తి నమస్కరించి వ్రాయునది.

ఆకాశం నిర్మలం. బియ్యంలో పురుగు పడితే చెరిగి ఎండబోశాను.

మీరు చెప్పిన కారు నిన్న అమ్ముడైపోయింది. కొన్నది మల్కాపురం మనిషే. మర్యాదస్థుడు, చుట్ట కాల్చే అలవాటు లేదు. ఎంత ఇచ్చినా తిరిగి అమ్మేలా లేడు. కాబట్టి శుక్రవారం రిజిస్ట్రేషనుతో పని లేదు. అక్క చేత వేలిముద్ర వేయించవద్దు. ఈ ఉత్తరం గురువారానికల్లా చేరాలని రైల్వే స్టేషనుకి వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
శ్రీరామ్మూర్తి

తా.క. ఆ మనిషిని నేనే. నాకు అబద్ధం వ్రాయడం చేతకాదు. ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తీసి కొన్నాను. మరో దారి తోచలేదు. దాన్ని ఎల్లారావు తోలుకొచ్చి మా ఇంటి పక్క సందులో పెట్టాడు. అసిరమ్మ బయటికి వచ్చి చూసింది. "మీకేటైనా పూనిందేటండీ. పండక్కి సీర అడిగితే వచ్చే ఏడు అన్నారు. గుమ్మానికి అడ్డంగా ఈ ఎర్రదాన్ని పెట్టీసినారు. నీళ్ళకి నాను ఎటెంట ఎల్లాల?" అంది. దాని మీద టార్పాలిన్ కప్పాను. అడుగున చక్రాలు కనిపిస్తున్నాయి. బావగారూ, ఈ విషయం ఎవరితోనూ అనకండి. చలమయ్యగారూ, మీరు కూడా.


జగ్గన్నపేట
5 జనవరి 1983

చిరంజీవి శ్రీరామ్మూర్తిని ఆశీర్వదించి గవర్రాజు స్వయంగా వ్రాయునది.

కట్టు విప్పారు. ఇది నా సొంత దస్తూరీ. అక్షరాలు వంకరగా ఉంటే కన్ను తప్పు, నాది కాదు. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు కాబట్టి అంతా చెబుతాను.

మా ఊళ్ళో ఇంజనుతో తిరిగే చెరుకు గానుగ ఒక్కటే. అది చలమయ్య వియ్యంకుడిది. మూడేళ్ళుగా నా చెరుకుని అందరికంటే వెనక ఆడిస్తున్నాడు. నరికిన గడ గట్టు మీద ఎండిపోతుంది, రసం దిగదు, బెల్లం నల్లబడుతుంది. నాకే ఒక ఇంజను గానుగ ఉంటే ఆ బాధ ఉండదనుకున్నాను. వైజాగులో బోలెడు గుర్రాల బలం ఉన్న కారు ఉందనీ, రెండే సీట్లు కాబట్టి ఎవరూ కొనడం లేదనీ కన్నబాబు చెప్పాడు. దాన్ని కళ్ళంలో దిమ్మల మీద ఎత్తి, వెనక చక్రానికి బెల్టు వేసి, మూలపడిన మా పాత ఎడ్ల గానుగ తిప్పుదామనుకున్నాను. పీఠం మీద నిలబడే బండికి బ్రేకులెందుకు, స్టీరింగెందుకు? ఈ సంగతి చలమయ్య చేతే ఎలా వ్రాయించను? మర్నాటికి వియ్యంకుడికి తెలిసిపోయి నా చెరుకు ఈ ఏడు ఆడించడమే మానేస్తాడు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. చలమయ్య అరుగు మీద తా.క.తో సహా చదివాడు. ఎవరూ నవ్వలేదు. మీ అక్క లోపలినుంచి వచ్చి, "మా తమ్ముడు చెప్పులు కొనడానికి ఆర్నెల్లు ఆలోసిత్తాడు. అలాటోడిసేత కారు కొనిపించీసినావు. నీకేటి కావాలో ఇప్పుడైనా నోరిప్పి సెప్పు" అంది. రాత్రి చెప్పాను. "ఓస్, దీనికా. ఇంజను అద్దెకి తెత్తే సరిపోదేటి" అంది. మర్నాడు కన్నబాబు అనకాపల్లి నుంచి డీజిలింజను అద్దెకు తెచ్చాడు. గానుగ తిరుగుతోంది. మడి మీ అక్క పేరునే ఉంది. ఇక అమ్మే మాట లేదు.

నువ్వు నా కోసం అప్పులో పడ్డావు. అది న్యాయం కాదు. అద్దె ఇంజను ఈ సీజను వరకే. బుధవారం కన్నబాబు లారీ వేసుకుని వస్తాడు. కారు ఎక్కించి పంపించు. ఇంజను విప్పి పై ఏటికి ఉంచుకుంటాను. బెల్లం అమ్మగానే నీ డబ్బు మొత్తం నీకు చేరుతుంది. నీకు పీడ విరగడైపోతుంది.

నీ శ్రేయోభిలాషి,
గవర్రాజు

తా.క. చలమయ్య రోజూ సాయంత్రం మా గానుగ దగ్గరికి వచ్చి వేడి పాకం తిని వెళ్తున్నాడు. వియ్యంకుడి పాకం కంటే బాగుందట. ఈ మాట వ్రాయవద్దని బతిమాలాడు.


మల్కాపురం
9 జనవరి 1983, ఆదివారం

పూజ్యులైన బావగారికి శ్రీరామ్మూర్తి నమస్కరించి వ్రాయునది.

ఉదయం మంచు, తర్వాత ఎండ. వంటింటి కిటికీ బందులకి నూనె వేశాను. మడి అక్క పేరునే ఉందన్న ముక్క అసిరమ్మకి పైకి చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

బుధవారం లారీ పంపవద్దు. కారు పంపే స్థితిలో లేదు. బ్రేకు ఇంకా కొంచెం ఎడమకు లాగుతోంది. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు పడదు, దాన్ని కాస్త బతిమాలాలి. కన్నబాబు బతిమాలే రకం కాదు. పైగా గానుగకి ఆ ఇంజను పనికిరాదట. "అది బాగా తిరిగితే గాని బలం రాదు బావా. గానుగ మెల్లిగా లాగాల. పొద్దున్న ఎక్కిత్తే మజ్జాన్నానికి కాలిపోద్ది" అని ఎల్లారావు అన్నాడు. కాలిపోద్ది అన్నప్పుడు నాకు ఏదోలా అయింది.

డబ్బు సంగతి మీరు మనసులో పెట్టుకోకండి. అప్పు జీతంలో కొద్దికొద్దిగా పోతుంది.

వాడకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతుందంటే మొదట సందు చివరిదాకా తీశాను. ఎల్లారావు పక్కన కూర్చుని నేర్పుతున్నాడు. ఎల్ బోర్డు కట్టాను. అసిరమ్మ దాని మీద వడియాలు పెట్టేది, ఎండ బాగా తగులుతుందని. ఇప్పుడు నేను పెట్టనివ్వడం లేదు. ఈ విషయమై ఇంట్లో మాటలు లేవు.

పని లేకుండా కారు తీయడం నాకు మనసొప్పదు. అందుకని పనులు చూసుకుంటున్నాను. మొన్న తపాలా బిళ్ళ కావలసి వచ్చి భీమిలి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు సముద్రం కుడిచేతి పక్కనే ఉంది. వచ్చేటప్పుడు ఎడమ. బిళ్ళలు అక్కడ కూడా దొరుకుతున్నాయి. ఈ కవరు మీద ఉన్నది అదే.

ఈ రోజు పనుల్లో మిగిలింది గోధుమలు పట్టించడం ఒక్కటి. బాగుచేసి సంచిలో పోశాను. కూర్మన్నపాలెంలో కొత్తగా పిండిమర పెట్టారని ఎల్లారావు చెప్పాడు. మా ఇంటి ఎదురుగానే ఒక మర ఉంది, రేటు కూడా తక్కువే. కాని అక్కడ పిండి మరీ మెత్తగా వస్తుంది, అందుకని కూర్మన్నపాలెమే వెళ్తున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
శ్రీరామ్మూర్తి