పరుపుల స్టాల్లో నడిమి స్తంభం

సోమవారం, ఉదయం

మీసం పోయింది.

"ఇది తీసేస్తే పదేళ్ళు తగ్గుతారు, తీసేయనా?" అని అడిగాడు మంగలి. వద్దనే అనుకున్నాను. కానీ అప్పటికే కత్తి తుడుచుకుని, నా గడ్డం పైకెత్తి పట్టుకుని, అంత సరదాపడుతుంటే కాదంటే ఏం బాగుంటుంది? "ఊఁ" అన్నాను.

ఇంటికొచ్చి తలుపు తట్టాను. మా ఆవిడ తీసింది.

"ఆయన లేరండీ. పనికెళ్ళుంటారు, సాయంత్రం రండి," అని తలుపు వేసేసింది.

గుర్తుపట్టకపోవడం కాదు. వెక్కిరింత. లోపల నవ్వు వినబడుతూనే ఉంది.

అరుగుమీద కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇష్టంలేని పనికి ఇకమీదట "కుదరదు" అంటాను. రోజుకొక్కసారైనా. బయటికి వినబడేలా. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. ఆ సంగతి మరిచిపోకుండా రోజూ ఇందులో రాస్తాను.

ఒళ్ళు తేలికైనట్టుంది! మూతి అయితే నిజంగానే తేలికైంది.

సోమవారం, సాయంత్రం

మొదటి విజయం. పనిచోట వీధికుక్క లోపలికి రాబోయింది. దాని కళ్ళలోకి సూటిగా చూసి "కుదరదు" అన్నాను. స్పష్టంగా అన్నాను. నాకే ముచ్చటేసింది.

కుక్క లోపలికొచ్చి రంపప్పొట్టులో పడుకుంది. అది దాని ఇష్టం. అనడంవరకే నా నిర్ణయం.

మంగళవారం

మా బావమరిదిది స్టాళ్ళు కట్టే వ్యాపారం. పెద్ద పెద్ద హాళ్ళలో ప్రదర్శనలు పెడతారు కదా, వాటిల్లో కంపెనీలకు గోడలు, మెట్లు, అరలు అన్నీ చెక్కతో నిలబెడతాం. ప్రదర్శన కాగానే పీకేస్తాం. ఉన్న నాలుగు రోజులూ ఎవరి నెత్తినా పడకూడదు. పనంతా అదే.

మా దగ్గర సంతకాలు, ముద్రలు ఉండవు. బొమ్మ గీసిన కాగితం నా బల్లమీద పరుస్తారు. బావమరిది "ఏం బావా?" అంటాడు. నేను "ఊఁ" అంటాను. కోత మొదలు. ఎవరైనా అనుమానపడితే, "మా బావ ఊఁ అన్నాడు" అంటాడు. అక్కడితో మాటలు ఆగిపోతాయి.

ఈసారి పరుపుల కంపెనీ స్టాల్. రెండంతస్తులు. పైన మంచం, దానిమీద పరుపు. జనం మెట్లెక్కి పైకెళ్ళి, నొక్కి చూసి దిగాలి. బొమ్మలు గీసే అమ్మాయి చక్కగా గీసింది. పై అంతస్తు కింద నడిమధ్యన ఒక స్తంభం పెట్టింది. దాని అవసరం ఉంది.

పరుపులాయన వచ్చాడు. కాగితంమీద వేలు పెట్టాడు.

"ఈ స్తంభం సరిగ్గా మా కంపెనీ పేరుకి అడ్డొస్తోంది. తీసేద్దాం."

"కుదరదు సార్," అంది ఆ పిల్ల.

ఎంత సులువుగా అందో! నాకు అసూయ పుట్టింది.

"పెద్దాయన్ని అడుగుదాం," అన్నాడు పరుపులాయన. "ఈయన అనుభవం ముందు మన కాగితాలెంతమ్మా? ఏమంటారు పెద్దాయనా?"

ఆ స్తంభం లేకపోతే పైన ముగ్గురుంటే నిలుస్తుంది. గుంపు ఎక్కితే నిలవదు. ఇంతే చెప్పాలి. నోరు కూడా తెరిచాను. కానీ అంతమందిలో అంత మర్యాద చేశాక మొహంమీద కాదంటే మనిషి చిన్నబోడూ?

"ఏం బావా?" అన్నాడు మా వాడు.

"ఊఁ."

ఇవాళ్టిది లెక్కలోంచి తీసేస్తున్నాను. నిర్ణయం కొత్తది కదా, కుదురుకోవాలి.

బుధవారం

ఆ పిల్ల ఒక్కతే వచ్చింది.

"తాతగారూ, నిజంగా పర్లేదా? నేనెంత లెక్కేసినా అది నిలవట్లేదు. మీరు కాదంటే ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? కానీ నా నోట్లో మేకులున్నాయి. పని చేసేటప్పుడు మేకులు పెదాలమధ్య పెట్టుకోవడం నాకలవాటు. అవి తీసి, పక్కనపెట్టి, గొంతు సవరించుకునేలోపు తనే నవ్వేసింది.

"మీరింత నిబ్బరంగా ఉన్నారంటే చాలులెండి. నేనే భయపడుతున్నా."

వెళ్ళిపోయింది. అప్పుడు మేకులు తీసి "కుదరదు" అన్నాను. సుత్తి విన్నది.

అన్నానా లేదా? అన్నాను.

గురువారం, మధ్యాహ్నం

కొంప మునిగింది.

మా ఆవిడ భోజనం తెచ్చింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, మచ్చుకని తెచ్చి పడేసిన పరుపుమీద కాసేపు నడుం వాల్చి, అలాగే నిద్రపోయింది. అప్పుడే పరుపులాయన వచ్చాడు. కాసేపు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"ఇదీ నాకు కావలసింది! ఇదీ నిద్రంటే!"

మా ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

"అమ్మా, ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ మీరొచ్చి ఇలాగే పడుకుంటారా?"

"ఎక్కడండీ?"

"స్టాల్లో. పై అంతస్తులో. జనం మిమ్మల్ని చూసి పరుపు కొంటారు. జీతం ఇస్తాం."

"నిద్రకి జీతమా?" నావైపు తిరిగింది. "విన్నారా? ఇన్నేళ్ళు మీ ఇంట్లో ఊడిగం చేశాను. కనీసం కాఫీ కూడా ఎవరూ కలిపివ్వలేదు. ఇక్కడ పడుకుంటే డబ్బులిస్తారట!" మళ్ళీ ఆయనవైపు తిరిగింది. "వస్తానండీ. గురకపెట్టొచ్చా?"

"పెట్టండమ్మా, ఇంకా మంచిది."

పై అంతస్తు. ఆ స్తంభం లేని అంతస్తు.

గురువారం, రాత్రి భోజనానికి ముందు

చెప్పాలి. ఇక తప్పదు.

ఆమె అద్దం ముందు నిలబడి ఏ దుప్పటైతే తన రంగుకి నప్పుతుందో చూసుకుంటోంది. పక్కింటావిడకి, ఎదురింటావిడకి, పాలు పోసేవాడికి చెప్పేసింది. మా పెళ్ళిలో కూడా ఈ మొహం ఇంత వెలగలేదు. అప్పుడు నన్ను చూసింది, ఇప్పుడు ఉద్యోగాన్ని చూసింది, తేడా ఉంటుంది.

"ఏమండీ, ఏదో అనబోయారు?"

"అదే..."

"ఏదే?"

"మంచినీళ్ళు."

ఇచ్చింది. తాగాను. మళ్ళీ నోరు తెరిచాను. మళ్ళీ ఇచ్చింది. చెంబు ఖాళీ అయింది, మాట రాలేదు.

శుక్రవారం

హాల్లో నిలబెట్టేశాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కంపెనీ పేరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఏ అడ్డూ లేకుండా మెరుస్తోంది. స్తంభం మాత్రం నేను పనిచోటే వదిలేయలేదు. లారీలో వేయించి తెచ్చి వెనకగోడకి ఆనించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే.

భద్రత చూసే అధికారి వచ్చాడు. తీగలు చూశాడు, మంటలార్పే సిలిండర్ చూశాడు, మెట్లమీద రెండుసార్లు గెంతాడు.

"పైన ఎంతమంది ఉండొచ్చు?"

అందరూ నావైపు చూశారు. ఊపిరి పీల్చాను. "ము" అన్నాను. ఈ "ము" దాకా నిజంగా వచ్చాను! అంతలో దగ్గు.

"పదిమంది సార్," అన్నాడు బావమరిది. "మా బావ కట్టింది. పదిమంది గంతులేసినా ఏం కాదు."

అధికారి రాసుకున్నాడు. వెళ్ళిపోయాడు.

నోటితో రాకపోతే చేత్తో వస్తుంది కదా అనిపించింది. మా ఊరి బళ్ళో దస్తూరికి నాకెప్పుడూ మంచి మార్కులే. చెక్క తీసుకుని, ఎర్రరంగుతో, గుండ్రంగా రాశాను: ముగ్గురికి మించి పైకి ఎక్కరాదు.

మెట్ల దగ్గర పెట్టబోయాను. పరుపులాయన అక్కడే నిలబడి స్టాల్ ఫొటోలు తీసుకుంటున్నాడు. మురిసిపోతున్నాడు. ఆ ముచ్చట చెడగొట్టడమెందుకని వెనకవైపు తగిలించాను.

చదవాలనుకున్నవాళ్ళు వెనక్కి వచ్చి చదువుకోవచ్చు.

శనివారం

జరిగినట్టే రాస్తాను.

పొద్దున బాగానే ఉంది. మా ఆవిడ పైన మంచంమీద దర్జాగా పడుకుంది. ఒకరూ ఇద్దరూ ఎక్కి చూసి దిగుతున్నారు. నేను కింద నిలబడి తలెత్తి దూలాన్నే చూస్తున్నాను. ఏమీ కాదేమో అని కూడా అనిపించింది. నిర్ణయాలు తీసుకునేవాళ్ళకి ఇలాంటి ఆశలు చాలా ఉంటాయి.

అప్పుడు పరుపులాయన మైకులో అన్నాడు, పైకెక్కి పరుపు నొక్కి చూసిన ప్రతివాళ్ళకీ ఒక దిండు ఉచితమని.

హాలు హాలంతా మా మెట్లమీద పడింది.

దూలం మధ్యలో చెక్కల అతుకు విడింది. సన్నటి చీలిక. అందులోంచి పొట్టు రాలి నా మూతిమీద పడింది. పైన అడుగుల చప్పుడు. వాటిమధ్య మా ఆవిడ నవ్వు.

"కుదరదు" అని అరవాల్సింది అప్పుడే. పరిగెత్తాను. వెనక్కి వెళ్ళి స్తంభం ఈడ్చుకొచ్చాను. దూలం కింద నిలబెట్టి, కింద చెక్కముక్క దిగ్గొట్టి, జారిపోకుండా రెండు చేతులతో వాటేసుకున్నాను.

చీలిక ఆగింది. జనం ఆగలేదు.

"అబ్బ, ఈ ఆలోచన చూడు!" అంది ఒకావిడ. "పైన పరుపున్న మనిషి హాయిగా నిద్రపోతోంది. కింద పరుపులేనాయన చూడు, లోకం బరువంతా మోస్తున్నాడు."

"మొహంలో ఆ బాధ చూశావా? ఏం నటన!"

ఫొటోలు తీశారు. పరుపులాయన పరుగెత్తుకొచ్చాడు. కళ్ళు చెమర్చాయి.

"ఎవరిదీ ఆలోచన?"

"మా బావదే సార్," అన్నాడు బావమరిది. వాడికి ఏమీ తెలియదు, అయినా అన్నాడు.

నన్ను చూడ్డానికి ఇంకొందరు వచ్చారు. నన్ను చూసినవాళ్ళు దిండుకోసం పైకెక్కారు. స్తంభం నా చేతుల్లో కిర్రుమంది.

మా ఆవిడ రెయిలింగు మీంచి వంగి చూసింది.

"ఏమండీ, అక్కడేం చేస్తున్నారు? ఎవరినో వాటేసుకున్నారేంటి?"

"దిగు," అన్నాను.

"హవ్వ! జీతమిచ్చి పడుకోబెడితే దిగమంటారేంటి?"

"దిగు!"

హాలంతా వినబడిందట. నాకైతే తెలియదు.

ఆమె మొహంలో నవ్వు పోయింది. నా మొహం చూసింది, చీలిక చూసింది. వెనక్కి తిరిగి, మా ఇంట్లో పాలు పొంగినప్పుడు వచ్చే గొంతుతో కేకేసింది.

"అందరూ దిగండి! తోసుకోకండి, ఒక్కొక్కరే! ఏమయ్యా, దిండు తర్వాత తీసుకుందువుగాని, ముందు ప్రాణం తీసుకెళ్ళు!"

ఒక్కొక్కరే దిగారు. చివరగా తను దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ పిల్ల బోల్టులు పట్టుకుని పరుగున వచ్చింది. స్తంభాన్ని దూలానికి, నేలకి బిగించింది. అతుకుకి ఇనపపట్టీ వేయించింది. అధికారిని మళ్ళీ పిలిపించి, స్తంభం అడుగునుంచి మొదలుపెట్టి అంతా చూపించింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి చూసింది. తిట్టుంటే బాగుండేది.

"ఒక్క మాట చెప్పుంటే పోయేదిగా బావా!" అన్నాడు మా వాడు. వాడికి తిట్టడం వచ్చు, ఎంతో ఊరటగా ఉంది.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో రెండు టికెట్లూ మా ఆవిడే తీసుకుంది. దిగబోయే ముందు అంది:

"నేనక్కడినుంచి కింద పడేదాకా ఊరుకునేవారా?"

కిటికీలోంచి బయటికి చూశాను.

"చెప్పండి."

"లేదు," అన్నాను.

అది కూడా చిన్నగానే అన్నాను. కానీ ఆమె వినేలా అన్నాను.

లెక్క: "కుదరదు" అన్నవి, కుక్కతో ఒకటి, సుత్తితో ఒకటి. మనుషులతో ఒక్కటీ లేదు. "దిగు" అన్నది దీంట్లోకి రాదు.

ఆదివారం

పొద్దున స్టాల్లోకి అడుగుపెట్టగానే పరుపులాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మీరు మళ్ళీ నిలబడాలి. నిన్న మిమ్మల్ని చూసే సగం జనం వచ్చారు. స్తంభం పేరుకి అడ్డమైనా పర్లేదు, మీరుంటే చాలు. ఏం?"

ఇప్పుడా స్తంభానికి బోల్టులున్నాయి. నేను పట్టుకోనక్కర్లేదు. గాలి పట్టుకున్నా నిలబడుతుంది. ఇంత చిన్న మాట.

"ఊఁ."

రోజంతా వాటేసుకున్నాను. పైనుంచి మా ఆవిడ గురక. ఈసారి నిజం గురక. పైకి ఎంతమందిని పంపాలో మెట్ల దగ్గర ఆ పిల్లే నిలబడి చూసుకుంటోంది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి గుసగుసగా అంది:

"తాతగారూ, అది బిగించేశాం. మీరు వదిలేయొచ్చు."

"తెలుసమ్మా."

"మరెందుకు పట్టుకున్నారు?"

ఆమెకి చెబుదామనుకున్నాను. అంతలో ఎవరో ఫొటో తీస్తున్నారు, కదలొద్దన్నారు.

భుజాలు పడిపోయాయి. మా ఆవిడ నూనె రాస్తూ, "నా ఉద్యోగమే నయం," అంటోంది.

ఇక ఊరుకునేది లేదు. ప్రదర్శన ఇంకా రెండు రోజులుంది. నిర్ణయం మళ్ళీ మొదటినుంచి. రేపు గేట్లు తెరవకముందే వెళ్ళి, పరుపులాయన మొహంలోకి చూసి, వినబడేలా "కుదరదు" అంటాను. ఇది ఖాయం.

ఇప్పుడే బావమరిది ఫోన్ చేశాడు. నిలబడీ నిలబడీ నా కాళ్ళు నొప్పెడతాయని పరుపులాయన నాకోసం ప్రత్యేకంగా మెత్తటి పీట చేయిస్తున్నాడట. రేపు పొద్దున్నే వస్తుందట. దానిమీద స్పాంజి, పైన మంచి గుడ్డ, నా పేరు కూడా కుట్టించాడట.

అంత అభిమానంగా చేయించాక ఒక్కరోజైనా దానిమీద నిలబడకపోతే ఏం బాగుంటుంది?

ఎల్లుండినుంచి మొదలు.