అండమాన్ పోతూ వేయని ఒట్టు

అవ్వా,

చిన్నమ్మ వాళ్ల కారు ముందే వచ్చింది. నువ్వు చేను నుంచి వచ్చేదాకా ఆగితే విమానం అందదట. బీడీల ఆకు తడిబట్టలో చుట్టి పెట్టాను. కోళ్లను నువ్వే గంప కింద కమ్ము.

అండమాన్‌లో దీవంతా అద్దె కారులోనే తిరుగుతాం. దారిలో జలపాతాలున్నాయట, రాత్రికి సముద్రం ఒడ్డునే డేరా వేసుకుంటాం. సంబురంతో నాకు అన్నం తినబుద్ధి కాలేదు.

పొద్దున నువ్వు "నీళ్లల్లకు దిగనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి బిడ్డా" అంటే, పాలు పొంగుతున్నాయని లేచిపోయాను. పాలేమీ పొంగలేదు. ఒట్టు వేసి తప్పితే నీకేమన్నా అవుతుందని భయమేసింది. అంత దూరం పోయి సముద్రంలో దిగకుండా ఉండలేనవ్వా. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని మోకాళ్లదాకే దిగుతాను.

రవళి

అల వచ్చి నడుము దాకా తడిపితే మాత్రం అది నా తప్పు కాదు.