బుద్రు మళ్లీ వస్తాడు

1977 సెప్టెంబరు 12

ఇరవై ఐదుకి ఏడు. జెనెటిక్స్ మొదటి టెస్టు. పేపరు చేతికిస్తూ మాస్టారు నా మొహం చూడలేదు, అదే పదివేలు. రూమ్మేట్ సరోజకి పంతొమ్మిది. పంతొమ్మిదే వచ్చిందని మెస్సులో ఏడ్చింది! అన్నం పళ్లెం దాని నెత్తిన బోర్లించాలనిపించింది.

ఇంట్లో మా కొండ మాట. బళ్లో తెలుగు. ఇక్కడ ఇంగ్లీషు. మాస్టారు చెప్పింది తెలుగులోకి తెచ్చుకుని, అక్కడి నుంచి మా మాటలోకి తెచ్చుకునేసరికి ఆయన బోర్డు తుడిచేస్తారు. ఎమ్మెస్సీకి వచ్చిన మొదటి కొండపిల్లని అని అందరూ మెచ్చుకున్నారు. ఫెయిలైన మొదటి కొండపిల్లని కూడా నేనే అయ్యేట్టున్నాను.

సెప్టెంబరు 20

ప్రయోగానికి నేను పెంచుతున్న ఈగలు చచ్చాయి. మళ్లీ.

మత్తుకి పెట్టే ఈథర్ ఎక్కువైందట. పాలసీసాలో రవ్వ, బెల్లం కాచి పోసి, వాటికి వంట చేసి పెట్టి, పెళ్లికాని ఆడ ఈగల్ని మగవాటి కంటపడకుండా వేరుచేసి... అచ్చం మా వార్డెన్ చేసే పనే. నవ్వొచ్చింది. తర్వాత సీసాలు కడుగుతుంటే ఏడుపొచ్చింది. ఇంతేసి ప్రాణాల్ని కూడా నిలబెట్టుకోలేకపోతున్నాను.

అక్టోబరు 3

ఒకటి అర్థమైంది. నిజంగా అర్థమైంది!

మనిషిలో ఒక జబ్బు పైకి కనపడకుండా దాక్కుని ఉండొచ్చు. ఆ మనిషికి ఏమీ కాదు. అలాంటివాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకుంటే, పుట్టే బిడ్డకి నాలుగింట ఒక వంతు... మాస్టారు గవ్వలు తెప్పించి మా చేత వేయించారు. ఒక బిడ్డ పోయింది కదా, మిగతా ముగ్గురూ బాగుంటారని అనుకోవద్దన్నారు. ప్రతి బిడ్డకీ గవ్వలు కొత్తగా పడతాయట. గవ్వలైతే నాకు ఇంగ్లీషు అక్కర్లేదు.

దసరా సెలవుల్లో ఎవరి ఇంటి వంశం చార్టు వాళ్లు గీసుకు రావాలి. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా. పోయినవాళ్ల మీద అడ్డగీత.

అక్టోబరు 17

రైలు. సొరంగం, వెలుగు, సొరంగం. వలిసెలు పూశాయి, కొండవాలంతా పసుపు.

స్టేషన్లో సుక్రు బావ. కాఫీ నర్సరీలో సెలవడిగి వచ్చాడట. నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని ముందు నడుస్తున్నాడు. సదువెలాగుంది అంటే, ఈగల్ని చంపుతున్నానని చెప్పాను. ఆ మాత్రం దానికి పట్నం ఎందుకు, మా పశువుల సాల్లో బోలెడున్నాయి అన్నాడు. దారంతా నవ్వుతూనే ఉన్నాను.

మాఘంలో పెళ్లి. అమ్మకి అన్నగారి కొడుకు, నేను పుట్టిన రోజే అనుకున్నారు. అనుకున్నారని కాదు. నాకే ఇష్టం. ఈ ముక్క ఏ భాషలోకీ తిప్పుకోనక్కర్లేదు.

అక్టోబరు 19

అమ్మ చోళ్లు చెరుగుతూ చెబుతుంటే నేను గీశాను. అమ్మా అయ్యా కూడా మేనరికమే. పిల్లలెంతమంది అని రాయాలి కదా, నా ఇంటి సంగతి నాకు తెలియదా అనుకుంటూనే అడిగాను. ఇద్దరంది. నేను, నాకంటే ముందు బుద్రు. బుద్రు చిన్నప్పుడే పోయాడు. ఒక చదరం, దాని మీద అడ్డగీత. పక్కన నా సున్నా.

ఏమై పోయాడమ్మా అంటే జరమంది. చేట పట్టుకుని అటు తిరిగింది.

నవంబరు 8

చార్టుకి ఇరవైకి పదహారు! మీ అమ్మగారిని బాగా అడిగావు అన్నారు మాస్టారు. సరోజకి పద్నాలుగు. ఆహా.

నవంబరు 22

ఈ రోజు రాయకూడదనుకున్నాను.

ప్రాక్టికల్. ఎవరి వేలు వాళ్లు పొడుచుకుని, చుక్క గాజుపలక మీద వేసి, మందు కలిపి, గాలి తగలకుండా మైనంతో మూసి, కాసేపాగి చూడాలి. రక్తకణాలు గుండ్రంగా ఉంటాయి. నావి కొన్ని గుండ్రంగా లేవు. సన్నగా, వంకరగా, కొడవళ్లలా.

మాస్టారు వరసగా అందరివీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగిపోయారు. తర్వాత క్లాసంతా క్యూ కట్టి నా రక్తం చూసింది. సరోజ మాత్రం క్యూలోకి రాలేదు. వచ్చి నా పక్కన నిలబడింది, అంతే.

అందరూ వెళ్లాక మాస్టారు కూర్చోమన్నారు. "నీకేం కాదమ్మా. ఈ కొడవలి కణాల జబ్బు నీలో దాక్కుని ఉంది, నువ్వు మోస్తున్నావు, అంతే. చేసుకోబోయేవాడికి కూడా ఉంటే మాత్రం ఆలోచించుకోవాలి."

మీ కొండల్లో ఇది ఎక్కువే అని కూడా అన్నారు. చాలా మెల్లిగా అన్నారు.

డిసెంబరు 5

నర్సరీ లారీలో సుక్రు బావ వచ్చాడు. మొక్కల సంచుల కోసం. నాకు కమలాలు తెచ్చాడు. ల్యాబుకి తీసుకెళ్లాను. ఇదంతా దేనికని అడక్కుండానే వేలు చాపాడు. అతను బయట టీ తాగుతున్నాడు. నేను లోపల.

చూశాను. పలక తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూశాను.

కొడవళ్లు.

మాస్టారిని పిలవలేదు. బయటికొచ్చి, సెలవులకి వచ్చినప్పుడు చెబుతానులే బావా అన్నాను. సరే అన్నాడు. ఒక్క మాట కూడా అడగలేదు, మహానుభావుడు. అడిగి ఉంటే అక్కడే చెప్పేసేదాన్ని.

డిసెంబరు 7

పుస్తకంలో ఈ జబ్బు గురించి ఉన్నదంతా చదివాను. చలికి ముదురుతుంది. పసిపిల్లలకి చేతులూ పాదాలూ వాస్తాయి, ఎముకల్లో నొప్పి. ఆ ఫొటోలు ఎక్కడో వేరే దేశానివి.

నా చార్టు తీసి ముందు పెట్టుకున్నాను. అమ్మా అయ్యా మేనరికమే కదా. వాళ్లిద్దరూ దీన్ని మోస్తున్నారనే అనుకుందాం. పోయింది ఒక్కడు, బుద్రు. నేను బతికాను. అమ్మ ఒక్కణ్ణి పోగొట్టుకుని, నవ్వుతూ చోళ్లు చెరుగుతోంది. అమ్మ ఓర్చుకోగలిగింది, నేను ఓర్చుకోలేనా?

ఓర్చుకుంటాను. సుక్రు బావనే చేసుకుంటాను. బావకి అన్నీ చెప్పి మరీ చేసుకుంటాను.

ఈ మాట రాసుకున్నాక ఆకలేసింది. కమలాలన్నీ తినేశాను, సరోజకి ఒక్కటి మిగిల్చి.

డిసెంబరు 28

ఊళ్లో ఉన్నాను. రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

పక్కింటి పసివాడికి ఈ రోజు పేరు పెట్టారు. అంటే మాకు, పోయినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారో కనుక్కోవడం. మా ఊరికి పేర్లూ ముహూర్తాలూ చూసే దిసారి తాత నీళ్ల గిన్నె ముందు కూర్చుని, ఇంట్లో పోయినవాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తూ బియ్యపు గింజలు వదులుతాడు. ఏ పేరుకి గింజలు కలిస్తే వాళ్లే వచ్చినట్టు. ఈ పసివాడిగా వాళ్ల పోయిన తాతే వచ్చాడు. అందరూ సంబరపడ్డారు. ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ కూడా సంబరంగానే చెబుతోంది, మన బుద్రుకైతే మూడుసార్లూ మొదటి పిలుపుకే గింజలు కలిసిపోయాయని.

నేను ఆగిపోయాను. మూడుసార్లేమిటమ్మా అన్నాను.

"మూడుసార్లొచ్చినాడు కదే. వచ్చినాడు, పోనాడు. మళ్లీ వచ్చినాడు, పోనాడు. మళ్లీనీ."

"నాకు ఇద్దరే అన్నావు!"

"ఇద్దరే కదేటి. నువ్వొకర్తివి, ఆడొకడు. మూడుసార్లొత్తే ముగ్గురైపోతారేటే గుంటా?"

గట్టు మీద కూర్చున్నాను. అమ్మ కూడా కూర్చుంది. అడిగితే తప్ప నా ముందు ఎప్పుడూ తలవని కొడుకు గురించి తనంతట తనే చెప్పింది. మొదటిసారి నడిచే వయసు దాకా బతికాడట. రెండోసారి కూర్చోవడం వరకే. మూడోసారి వచ్చి పోయింది నన్ను కనడానికి ముందటేడు.

"సలి తగిల్తే సాలు, సేతులూ కాళ్లూ పొంగిపోయేవి. ఎముకలు నొప్పని ఒకటే ఏడుపు. మూడుసార్లూ అదే వాపు, అదే ఏడుపు. దిసారి గింజలు ఎందుకే, నాకు ఆ ఏడుపుకే తెలిసిపోయింది, ఈడు నా బుద్రేనని."

అమ్మ మొహం వెలిగిపోతోంది. నా కొడుకుని నేను గుర్తుపట్టుకున్నాను అన్న గర్వం. నేను ఆ వాపుని వేరే పేరుతో చదువుకున్నాను. పదహారు మార్కులు వచ్చాయి నాకు.

నడుస్తూ మళ్లీ అంది. "ఈసారి నీ కడుపున వత్తాడు. సుక్రుతో పెళ్లయితే బేగి వచ్చేత్తాడు, దిసారి కూడా సెప్పినాడు."

డిసెంబరు 29

చదరాలు మూడు. మూడింటి మీదా గీతలు.

డిసెంబరు 31

నర్సరీకి వెళ్లి సుక్రు బావకి అంతా చెప్పాను. మొక్కలకి నీళ్లు పోస్తూనే విన్నాడు. నాలుగింట ఒకటి అంటే అతనికి అది పెద్ద సంగతి అనిపించలేదు. నర్సరీలో నాలుగుకి మూడు బతికితే ఆఫీసరు భుజం తడతాడట. మొక్క చచ్చేటప్పుడు ఏడవదు బావా అన్నాను. గట్టిగానే అన్నాను. గవ్వల సంగతి చెప్పాను, మా అమ్మకి మూడుకి మూడూ అలాగే పడ్డాయని చెప్పాను. బుద్రు అంటే అతనికీ ఒక్కడే. ముగ్గురని ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు మా ఊళ్లో.

నీళ్లడబ్బా కింద పెట్టాడు.

"పిల్లలొద్దులే. ఆపరేషన్ సేయించేసుకుంతాను. మనిద్దరం ఉంటే సాలదేటి?"

ఎవరైనా ఇంతకంటే ఏం చెయ్యగలరు? నాకు అతని మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. కానీ నిన్న ఆ పక్కింటి పసివాణ్ణి అతను ఎత్తుకున్నప్పటి చూపు చూశాను. దింపమంటే దింపలేదు. ఆ మనిషిని ఆస్పత్రి బల్ల ఎక్కించనా? ఎక్కించి, అమ్మకి ఏం చెప్పను... నీ బుద్రు వచ్చే తలుపు మేమే మూసేశామనా?

వద్దు బావా, ఇంకొకర్ని చేసుకో అన్నాను. నీ మాట నువ్వే అత్తకి సెప్పు, నా వల్ల కాదు అన్నాడు. డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. నీళ్లు పోసిన మొక్కలకే మళ్లీ పోస్తున్నాడు, వెనక్కి తిరిగి చూస్తే.

1978 జనవరి 2

చెబుదామని పొయ్యి దగ్గర కూర్చున్నాను. అమ్మా, బుద్రు గురించి ఒక మాట అన్నాను. ఆ పేరు వినగానే లేచి, అటక మీంచి సీసా దింపింది. ఇప్పనూనె. కొత్తది, మూతకి గుడ్డ కట్టి ఉంది.

"ఆడికోసవే దాసినాను. ఈసారి సలి రాకముందే రాసేత్తాను. ఏడవనీను ఈసారి."

మళ్లీ అదే నొప్పితో వస్తాడని అమ్మకి తెలుసు. తెలిసే రమ్మంటోంది. నొప్పి వద్దని కాదు, బిడ్డ కావాలని. నేను చేతులు చాపాను. వేళ్లకి నూనె ఎలా రాయాలో నా చేతులు పట్టుకుని నేర్పింది. ముందు బొటనవేలు, తర్వాత కణుపులు. వెచ్చగా ఉంది. ఏడుస్తుంటే పొగ అనుకుంది.

వచ్చేటప్పుడు ఆ సీసాయే నాకిచ్చింది, హాస్టల్లో చలికి రాసుకొమ్మని. వాడికి ఇంకోటి ఆడిస్తుందట.

జనవరి 24

రెండో టెస్టు. ఇరవై ఐదుకి ఇరవై మూడు. క్లాసుకి నేనే ఫస్టు. మాస్టారు చప్పట్లు కొట్టించారు.

ఒక ప్రశ్న: ఇద్దరూ జబ్బును మోస్తున్నవాళ్లు. ముగ్గురు బిడ్డలు జబ్బుతో పోయారు. నాలుగో బిడ్డకి వచ్చే అవకాశం ఎంత? అందరితో పాటు నేనూ రాశాను, నాలుగింట ఒక వంతు. కరెక్టే. అమ్మనడిగితే నాలుగో బిడ్డ ఎవరు, వాడే కదా అంటుంది.

సరోజ జిలేబీ తెచ్చింది. తినలేకపోయాను. ఏమీ అడక్కుండా నా జడ వేసింది.

ఫిబ్రవరి 1

మామయ్య కబురు. ముహూర్తం పెట్టించారట, దిసారి చేత. అంటే బావ ఇంకా ఇంట్లో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 9

రేపు రైలు. అమ్మకి చెప్పి తీరాలి. బస్సు కిటికీలోంచి, మెస్సులో, బాత్రూంలో, అన్నిచోట్లా చెప్పి చూసుకున్నాను. బుద్రు ఒక్కడు కాదమ్మా, ముగ్గురు. అంతవరకే వస్తుంది నోట. ఆ మాట అంటే అమ్మకి ఒక్కసారిగా ఇంకో ఇద్దరు కొడుకులు చచ్చిపోతారు. ముగ్గురిలో ఎవరూ తిరిగి రారు. అది నా చేతుల మీదుగా.

పెట్టె సర్దాను. నూనె సీసా పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.

వస్తున్నానని ఎవరికీ రాయలేదు. అయినా సుక్రు బావ స్టేషన్లోనే ఉంటాడు, నాకు తెలుసు. పెట్టెకి చెయ్యి చాపుతాడు. ఇస్తే, వద్దన్న మాట వెనక్కి తీసుకున్నట్టే. ఇస్తానో, ఇవ్వనో...