మొదటి మాటకే ఒప్పుకున్నాడు

బుధవారం రాత్రి

మా ఆయనతో పట్నంలో లంజిపల్లి దగ్గర, పై దేశాలకి పనివాళ్లని పంపే ఏజెంటు ఆఫీసుకి వెళ్లొచ్చాను. మాల్దీవుల్లో కొత్త రేవులు కడుతున్నారట, పెద్ద పడవలు దింపుతున్నారట. ఆ దేశానికి ఉన్నదంతా సముద్రమే కాబట్టి చేపల వేట తెలిసినవాళ్లు కావాలన్నాడు.

"జీతం ఎంత కావాలి?" అని అతను అడగ్గానే మా ఆయన అలవాటుగా నా వైపు తిరిగాడు. మా రేవులో చేపను ఒడ్డుకి చేర్చడం వరకే మగవాళ్ల పని, ధర చెప్పేది ఆడవాళ్లం. బడా బజార్లో చేపల గంప ముందు కూర్చున్నట్టే, ఎలాగూ సగానికి తెగ్గొడతాడులే అని రెట్టింపు చెప్పాను. అతను తలైనా ఎత్తకుండా "సరే" అని మా ఆయన పాస్‌పోర్టు సొరుగులో పెట్టేసుకున్నాడు.

బస్సులో ఈయన ఒకటే నవ్వు. "సూసావా, నీ నోటికి అక్కడ కూడా ఎదురు నేదు!"

"బేరమాడనేదేటి మావా?"

"ఆల్లకిదో లెక్కేటి?"

బేరమాడకుండా చేప ఎత్తుకునేవాణ్ని నేనెప్పుడూ నమ్మలేదు. మనం తక్కువ చెప్పామని తెలిసినవాడైనా అయివుంటాడు, డబ్బిచ్చే ఉద్దేశం లేనివాడైనా అయివుంటాడు. నడిసముద్రంలో ఎన్నాళ్లుంచుతారో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో ఒక్కటీ అడగలేదు. నా ధ్యాసంతా ధర మీదే.

రేపు వెళ్లి పాస్‌పోర్టు వెనక్కి అడుగుదామా? ధర కుదిరాక గంప లాక్కోవడం మా రేవులో ఎవరూ చెయ్యరు.

ఇన్నేళ్లూ ఆయన పట్టి తెచ్చినదానికి ధర చెప్పాను. ఇవాళ ఆయనకే చెప్పేశాను.